మంచం కింద 303 పుస్తకాలు, మొదలు కాని రెండో పుస్తకం

పాకాల అల
పోయిన డిసెంబరులో నా మొదటి కథల పుస్తకం సొంతంగా వేసుకున్నాను. పద్నాలుగు కథలు, 176 పేజీలు, వెల 150 రూపాయలు, 500 కాపీలు. హన్మకొండలో ఆవిష్కరణ సభ పెడితే ఆ రోజు 46 కాపీలు పోయాయి. వేదిక మీది పెద్దలకు, మిత్రులకు, బంధువులకు కలిపి 60 ఊరికే ఇచ్చాను. పుస్తకాల షాపులకు 50 ఇచ్చాను. వాటిలో 12 అమ్ముడయ్యాయని ఫోనులో చెప్పారు, డబ్బు మాత్రం రాలేదు. నా చేతితో నేను అమ్మినవి 41. మిగిలిన 303 మా మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. రోజూ ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు వాటికి తగులుతుంది.

అసలు బాధ అది కూడా కాదు. ఆరు నెలలుగా ఒక్క కథ రాయలేదు. బడి నుంచి వచ్చి, వంట ముగించి కూర్చుంటే వాట్సాప్ గ్రూపుల్లో అట్ట బొమ్మ పెట్టడం, ఎవరైనా స్పందించారా అని చూడటం, షాపులకు ఫోన్లు చేయడం, వీటికే పదకొండు కొడుతోంది. రెండో పుస్తకం నవల. పాకాల చెరువు కింది ఊళ్ల మీద రాయాలని నాలుగేళ్లుగా అనుకుంటున్నాను. నోటుపుస్తకంలో నలభై పేజీల వివరాలు ఉన్నాయి, మొదటి వాక్యం లేదు. రాయాలా, రాసింది అమ్ముకోవాలా? రెండూ చేస్తున్నవాళ్లు ఎలా చేస్తున్నారో చెప్పండి.

కాజీపేట జంక్షన్
ముందు లెక్క చెప్పండి టీచర్ గారూ. అచ్చుకు ఎంత అయింది?

పాకాల అల
అచ్చు, బైండింగు కలిపి 41,000. కంప్యూటరులో టైపు చేసి పేజీలు కూర్చే డీటీపీకి పేజీకి 30 చొప్పున 5,280. ముఖచిత్రానికి 3,000. సభ ఖర్చు 17,000 వేరే.

కాజీపేట జంక్షన్
సభను పక్కన పెట్టినా 49,280. కాపీకి 98 రూపాయల 56 పైసలు. షాపుకు ఎంత కమిషను ఇస్తున్నారు?

పాకాల అల
40 శాతం.

కాజీపేట జంక్షన్
150లో 60 షాపుకు పోతే మీకు వచ్చేది 90. అంటే షాపులో ఒక్కో పుస్తకం అమ్ముడైనప్పుడల్లా మీరు ఎనిమిదిన్నర రూపాయలు ఎదురు ఇస్తున్నారు. మంచం కింది పెట్టెలన్నీ రేపే షాపులో అమ్ముడుపోయినా నష్టమే. ఆరు నెలలుగా మీరు నిద్ర మానుకుని పరిగెత్తింది ఈ నష్టం కోసం. కోపం తెచ్చుకోకండి, నా మొదటి నవలకు నేనూ ఇదే చేశాను. వెయ్యి కాపీలు వేయించాను. ఇంట్లో చోటు లేక మా మామగారి పాత ఇంట్లో పెడితే రెండు వానాకాలాల తర్వాత చెదలు పట్టాయి. కట్ట విప్పితే మధ్యలోంచి మన్ను రాలింది. నా పేరున్న పేజీ మాత్రం తినకుండా వదిలాయి. ఆ రోజు మా ఆవిడ ఏమీ అనకుండా చీపురు తెచ్చి నా పక్కన కూర్చుంది. అది ఇప్పటికీ మరవలేదు.

ఇప్పుడు వంద కాపీలే వేయిస్తున్నాను, డిజిటల్ ప్రెస్సులో. కాపీ ఖర్చు ఎక్కువ పడుతుంది, ఒప్పుకుంటాను. కానీ వంద అయిపోయాకే ఇంకో వంద. వెల కాపీ ఖర్చుకు రెండు రెట్లు తగ్గకుండా పెడతాను.

మానేరు
నేను రచయితను కాను, కొనేవాణ్ని. ఆ లెక్క ప్రకారం ఈ పుస్తకం వెల దాదాపు 200 ఉండాలి. కొత్త రచయిత, 176 పేజీలు, రెండు వందలు అంటే నా చెయ్యి జేబులోకి పోదు. మీ లెక్క మీకు సరే, మా లెక్క కూడా చూడండి.

కాజీపేట జంక్షన్
మీరు కిందటి సారి కొన్న కొత్త రచయిత పుస్తకం ఎందుకు కొన్నారు?

మానేరు
కరీంనగర్ బస్టాండులో జగిత్యాల బస్సు కోసం కూర్చున్నాను. పక్కనున్న ఆయన ఏదో పుస్తకం చదువుతూ ఉన్నట్టుండి కళ్లు తుడుచుకున్నాడు. ఏమైందని అడిగితే మాట్లాడకుండా ఆ పేజీ తిప్పి నా చేతిలో పెట్టాడు. తండ్రి దుబాయి నుంచి పంపిన క్యాసెట్టును ఇల్లంతా చుట్టూ చేరి వినే ఘట్టం. మా ఇంట్లోనూ అలాంటి క్యాసెట్టు ఉండేది. మా బాపు దగ్గు కూడా అందులో రికార్డయింది. బస్సు ఎక్కేలోపు రచయిత నంబరు ఫోటో తీసుకున్నాను. వెల ఎంతో ఇప్పటికీ గుర్తులేదు.

కాజీపేట జంక్షన్
మీ జవాబు మీరే చెప్పారు.

మానేరు
సరే, ఒప్పుకున్నాను. కానీ అట్ట బొమ్మ చూసి మాత్రం ఎప్పుడూ కొనలేదు. నా ఫోనులో రోజుకు నాలుగు అట్టలు వస్తాయి. అన్నిటి మీదా చెట్టు, చందమామ.

పసుపు కొమ్ము
అట్ట పెట్టకండి అక్కా, మొదటి పేజీ పెట్టండి. నిజామాబాద్ నుంచి, ఫోనులో కథలు చదువుకునే ప్రతిలిపి యాప్‌లో ధారావాహికలు రాస్తున్నాను, ఐదేళ్లయింది. అక్కడ నేర్చుకున్నది ఇదొక్కటే: పాఠకులు పుస్తకాన్ని వెతుక్కుంటూ రారు, తర్వాత ఏమైందని వెతుక్కుంటూ వస్తారు. మీ పద్నాలుగు కథల్లో ఒకటి పూర్తిగా ఊరికే ఇచ్చేయండి. అన్నిటికంటే మంచిది ఇవ్వండి, మిగిలిపోయినది కాదు.

సిరిసిల్ల నేత
మంచిది ఊరికే ఇస్తే మిగతాది ఎవరు కొంటారు? దీన్ని నేను ఒప్పుకోను. మగ్గం మీద మొదటి చీర ఎవరికైనా ఊరికే ఇస్తారా?

పసుపు కొమ్ము
అన్నా, చీర కొనేవాళ్లు కొంగు పట్టుకుని చూస్తారు కదా, ముడత వేసి చూస్తారు కదా. చూడనివ్వకుండా ఎవరు కొంటారు? నేను చెప్పేది కొంగు సంగతి.

సిరిసిల్ల నేత
కొంగు అంటే సరే.

పాత బస్తాండు
సభ మీద అందరూ విరుచుకుపడకముందే ఒక మాట. నేను కోర్టులో పనిచేసి రిటైరైనవాణ్ని. వరంగల్, హన్మకొండల్లో నలభై ఏళ్లుగా సాహిత్య సభలకు వెళ్తున్నాను. కాళోజీ వెనుక వరుసలో కూర్చుని ఇతరుల కవిత్వం వినడం ఈ కళ్లతో చూశాను. సభలు లేకపోతే ఈ ఊళ్లో రాసేవాళ్లు ఒకరికొకరు తెలిసేవాళ్లే కాదు. అమ్మా, మీరు ఖర్చు పెట్టిన 17,000 రూపాయల్లో శాలువాలు, బొకేలు, భోజనాలు ఎన్ని?

పాకాల అల
సగం పైనే సార్.

పాత బస్తాండు
అవి తీసేయండి, సభను తీసేయకండి. వచ్చే పుస్తకానికి ఐదుగురు వక్తలను పిలవకండి. ఒక్కరిని పిలవండి, ఆయన పుస్తకం చదివి రావాలి. మీరు ఒక కథ గొంతెత్తి చదవండి. శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904 నుంచి హన్మకొండలో ఉంది. ఇలాంటి గ్రంథాలయాలు పుట్టిందే పది మంది కూర్చుని చదువుకోవడానికి. అక్కడ ఒక కాపీ ఇచ్చారా?

పాకాల అల
ఇవ్వలేదు సార్. తట్టనే లేదు.

పాత బస్తాండు
ఇవ్వండి. ఇంకొకటి, ఇది చట్టం. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం ప్రచురించిన వాళ్లు 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక కాపీ తమ ఖర్చుతో పంపాలి. చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని మూడు గ్రంథాలయాలకు కూడా. సొంతంగా వేసుకున్నారు కాబట్టి ప్రచురణకర్త మీరే. ఆలస్యమైనా పంపండి. మీరూ నేనూ పోయాక కూడా ఆ కాపీ అక్కడ ఉంటుంది.

చిన్న దీపం
నేను కాకతీయ విశ్వవిద్యాలయంలో పీజీ చదువుతున్నాను. నా కవితల పుస్తకానికి ఆన్‌లైనులో కనిపించిన ఒక ప్రచురణ సంస్థకు 38,000 కట్టాను. మా అమ్మ చిట్టీ డబ్బు అది. అందులో ఐఎస్‌బీఎన్ కోసమని, అంటే పుస్తకం గుర్తింపు నంబరుకని 4,000 రాశారు. ఇరవై కాపీలు చేతికి వచ్చాయి. మిగతావి “అడిగినప్పుడు అచ్చు వేస్తాం” అన్నారు. ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. ఐఎస్‌బీఎన్‌కు నిజంగా అంత అవుతుందా?

కాజీపేట జంక్షన్
ఒక్క రూపాయి కూడా కాదు తమ్ముడూ. మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఇచ్చేది కేంద్ర విద్యాశాఖ కింది రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ సంస్థ. రచయితగా నువ్వే వాళ్ల పోర్టల్‌లో నమోదు చేసుకుని దరఖాస్తు పెట్టవచ్చు. రుసుము లేదు. అచ్చు పుస్తకానికి ఒక నంబరు, ఈ-బుక్కుకు ఇంకో నంబరు. వెంటనే రాదు, అందుకే అచ్చుకు వెళ్లడానికి చాలా ముందే పెట్టుకోవాలి. నేను ప్రూఫులు మొదలుపెట్టిన రోజే దరఖాస్తు పెడతాను.

పాత బస్తాండు
బాబూ, వాళ్లతో చేసుకున్న ఒప్పందం కాగితం నీ దగ్గర ఉందా? హక్కులు ఎంత కాలానికి రాసిచ్చావు?

చిన్న దీపం
ఉంది సార్. “సర్వ హక్కులూ ప్రచురణకర్తవి” అని ఉంది. ఎంత కాలమో లేదు.

పాత బస్తాండు
అయితే బెంగ పెట్టుకోకు. 1957 కాపీరైటు చట్టం 19వ సెక్షను చదువు. హక్కులు ఎంత కాలానికి ఇచ్చారో కాగితంలో రాయకపోతే ఐదేళ్లుగానే భావిస్తారు. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. రాసిచ్చిన హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే మాట లేనట్టయితే, ఆ హక్కు తిరిగి నీకే వస్తుంది. ఆ కాగితం నకలు తీసుకుని హన్మకొండలో ఎవరైనా న్యాయవాదికి చూపించు. ఇకమీదట ఎవరికైనా ఇస్తే అచ్చుకు వేరు, ఆడియోకు వేరు, సినిమాకు వేరు, అనువాదానికి వేరు అని విడివిడిగా రాయించుకో. నీ కవిత రేపు పాట కావచ్చు.

చిన్న దీపం
సార్, ఈ మాట మా అమ్మకు చదివి వినిపించాను. రెండు నెలల తర్వాత ఈ రోజు నాతో మామూలుగా మాట్లాడింది.

నల్లనేల
టీచర్ గారి రెండో ప్రశ్నను అందరూ వదిలేశారు. అమ్మకం సంగతి మాట్లాడుతున్నారు, రాయడం సంగతి ఎవరూ చెప్పడం లేదు.

మాది మంచిర్యాల. సింగరేణిలో భూగర్భ గనిలో పని. షిఫ్టులు మారుతూ ఉంటాయి కాబట్టి “రోజూ ఉదయం ఐదింటికి రాయండి” అనే సలహా నాకు పనికిరాదు. మొదటి షిఫ్టు అయితే సాయంత్రం, రాత్రి షిఫ్టు అయితే మధ్యాహ్నం లేచాక. గంట మారుతుంది, కొలత మారదు. రోజుకు రెండు వందల మాటలు, వారానికి ఐదు రోజులు. ఎక్కువ వచ్చినా ఆపేస్తాను. పద్నాలుగు నెలలకు అరవై వేల మాటలు అయ్యాయి, నవల పూర్తయింది.

ఎలా రాస్తానంటే, షిఫ్టు దిగి స్నానం చేసి, చాయ తాగి, ఫోనులో తెలుగు వాయిస్ టైపింగు పెట్టుకుని ఇంటి వెనుక వేపచెట్టు కింద నడుస్తూ చెబుతాను. చేతులు అలసిపోయి ఉంటాయి, నోరు అలసిపోదు. అది “ముసురు” అంటే “ముసలి” అని రాస్తుంది, “తట్ట” అంటే “తాత” అని రాస్తుంది. కామాలు, చుక్కలు ఉండవు. మరునాడు కూర్చుని దిద్దుతాను. ఆ దిద్దుబాటే అసలు రాత. దిద్దుతూ దిద్దుతూ ఉంటే తర్వాతి వాక్యం దానంతట అదే వస్తుంది. ఇంకొకటి: ఎప్పుడూ ఘట్టం పూర్తి చేసి లేవను. మనిషిని గుమ్మం దగ్గర నిలబెట్టి లేస్తాను. మరునాడు ఆయనను లోపలికి పిలిచే పని ఉంటుంది కదా, ఎక్కడ మొదలుపెట్టాలా అని వెతుక్కోవక్కరలేదు.

సిరిసిల్ల నేత
మాటలు లెక్కపెట్టి రాస్తే అది రాత ఎలా అవుతుంది? కవిత్వం రోజుకు రెండు వందల మాటలు రాదు. నేను మూడు నెలలు ఒక్క పంక్తి కోసం ఉండిపోయిన సందర్భం ఉంది.

నల్లనేల
మీ మగ్గం మీద రోజుకు ఇన్ని మీటర్లని లెక్క లేదా అన్నా? లెక్క పెడితే బట్ట బట్ట కాకుండా పోతుందా?

సిరిసిల్ల నేత
మరమగ్గం వేరు, నేను మాట్లాడేది కవిత గురించి. అయినా మీది గని, మాది మగ్గం, ఇద్దరం పని తెలిసినవాళ్లమే. నవలకు మీ పద్ధతి సరిపోతుందేమో. కవితకు మాత్రం ఒప్పుకోను.

పసుపు కొమ్ము
నేను నల్లనేల అన్న వైపు. నాకు ఇద్దరు పిల్లలు, అత్తయ్యకు కీళ్లనొప్పులు. తీరిక దొరికాక రాద్దామంటే ఈ జన్మకు దొరకదు. పొయ్యి మీద పప్పు ఉడికేలోపు ఒక పేరా. కుక్కరు మూడో కూతకు లేచిపోతాను.

అక్షరం అంచు
పాకాల అల గారూ, మీ పుస్తకం డీటీపీ ఎవరు చేశారో తెలియదు కానీ 176 పేజీలకు సరిగ్గా ఆపారు. ఒకే కాగితం మీద కలిపి అచ్చయ్యే పదహారు పేజీలను ఫారం అంటాం, మీవి సరిగ్గా పదకొండు ఫారాలు. చాలామంది 178 పేజీలతో వస్తారు. రెండు పేజీల కోసం ఇంకో ఫారం ఎక్కించాలి. హన్మకొండలో ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, రోజూ ఇదే గోల.

కానీ అసలు ప్రశ్న వేరు. ఫైలు మీ దగ్గర ఉందా? ఏ ఫాంటులో ఉంది?

పాకాల అల
పీడీఎఫ్ ఉంది. అసలు ఫైలు డీటీపీ సెంటరులోనే ఉంది. అను ఫాంటు అన్నట్టు గుర్తు. పసుపు కొమ్ము గారు చెప్పినట్టు నిన్న రాత్రి మొదటి పేజీ కాపీ చేసి గ్రూపులో పెట్టబోతే తెలుగు కాకుండా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు వచ్చాయి. ఫోను పాడైందనుకున్నాను.

అక్షరం అంచు
ఫోను బాగానే ఉంది. తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం ఈ గోతిలోనే పడి ఉన్నాయి. అనులో కంటికి తెలుగు కనిపిస్తుంది కానీ లోపల దాచుకున్నది ఇంగ్లీషు అక్షరాల స్థానాలు. ఆ ఫాంటు లేని చోట బండారం బయటపడుతుంది. ఇంటర్నెట్టులో మీ కథలోని ఒక మాట కొట్టి వెతికినా దొరకదు. ఈ-బుక్కు కాదు, ప్రతిలిపిలో పెట్టలేరు, వాట్సాప్‌లో పెట్టలేరు. అచ్చయిన పుస్తకం చేతిలో ఉన్నా రాత మాత్రం తాళం వేసిన గదిలో ఉన్నట్టే.

చేయవలసింది ఇది. ఈ వారమే వెళ్లి అసలు ఫైలు పెన్‌డ్రైవులో తెచ్చుకోండి. డబ్బు కట్టి చేయించుకున్న పని, అడగడానికి మొహమాటం వద్దు. అనులోంచి యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోనులో తెరిచినా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతిలోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక తప్పకుండా మళ్లీ ప్రూఫు చూడాలి. వత్తులు తారుమారవుతాయి. “లక్ష్మి” లాంటి మాటల్లో వత్తు కింద వత్తు ఉన్నచోట జాగ్రత్త. కొమ్ము, దీర్ఘం ఎగిరిపోతాయి. నా దగ్గర ఒక పుస్తకంలో “పూలు” అన్నీ “పులు” అయ్యాయి. పాపం, అది పెళ్లి కథ.

రెండో పుస్తకం మొదటి నుంచీ యూనికోడ్‌లోనే రాయండి. మండలి, రామభద్ర, సూరన్న, తిమ్మన, గురజాడ లాంటి ఫాంట్లు ఊరికే దొరుకుతాయి, అచ్చులోనూ నిండుగా ఉంటాయి.

మానేరు
పెళ్లి కథలో పులులు. పెళ్లికొడుకు తప్పించుకుని ఉంటాడు.

అక్షరం అంచు
అచ్చుకు వెళ్లే ముందు పట్టుకున్నాం కాబట్టి పెళ్లి జరిగింది.

చిన్న దీపం
అమెజాన్ వాళ్లు ఈ-బుక్కులు అమ్మే కిండిల్‌లో పెట్టుకోవచ్చా?

అక్షరం అంచు
2016లో వాళ్లు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు తెచ్చినప్పుడు తెలుగును చేర్చలేదు. మనం ఇంతమంది ఉన్నాం, ఇంత చదువుతాం, అయినా ఆ వరుసలో మన భాష లేదు. ఇది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. యూనికోడ్ ఫైలు చేతిలో ఉంటే ఏ తలుపు తెరుచుకున్నా ఆ రోజే లోపలికి వెళ్లవచ్చు.

పాకాల అల
పుస్తకాలు పోస్టులో పంపడానికి ఏ పద్ధతి వాడుతున్నారు? కొరియరుకు 70 అడుగుతున్నారు. 150 రూపాయల పుస్తకానికి 70 ఎవరు ఇస్తారు?

కాజీపేట జంక్షన్
పుస్తకాలు చౌకగా పంపుకునే రిజిస్టర్డ్ బుక్ పోస్టు తీసేసినప్పుడు మేమందరం తలపట్టుకున్నాం. తర్వాత 2025 మేలో తపాలా శాఖ జ్ఞాన్ పోస్టు మొదలుపెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, అర కిలో దాకా 25, కిలో దాకా 35, పన్ను అదనం. ఎక్కడి దాకా వెళ్లిందో ఫోనులో చూసుకోవచ్చు. రోడ్డు, రైలు మార్గంలో వెళ్తుంది కాబట్టి నాలుగు రోజులు ఆలస్యమవుతుంది. కవరులో వ్యాపార ప్రకటనల కాగితాలు పెట్టకూడదు. మీ పుస్తకం ఇంట్లో తక్కెడ మీద పెట్టి చూడండి.

పాకాల అల
ఇప్పుడే చూశాను. 228 గ్రాములు.

కాజీపేట జంక్షన్
అయితే కవరు బరువు కలిపినా 20 రూపాయలు, పైన పన్ను, అంతే. షాపుకు పోయే 60 కంటే ఇది ఎంతో నయం. వారంలో ఒక్క రోజు పెట్టుకోండి, శనివారం అనుకోండి. ఆర్డర్లు, కవర్లు, పోస్టాఫీసు, గ్రూపులు అన్నీ ఆ రోజే. మిగతా ఆరు రోజులు పుస్తకం అమ్మకం మీకు గుర్తే రాకూడదు. నేను ఆదివారం పెట్టుకున్నాను, పోస్టాఫీసు సోమవారం డ్యూటీకి వెళ్తూ.

మానేరు
టీచర్ గారూ, పుస్తకంలో కథలు ఏ ఊళ్లలో జరుగుతాయి?

పాకాల అల
మూడు కథలు నర్సంపేట అవతల ఒకే ఊళ్లో. పాకాల ఆయకట్టు ఊరు. చిన్నప్పుడు సెలవులకు అక్కడ మా పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. తూము కథ అని ఒకటుంది, దాని గురించే సభలో అందరూ మాట్లాడారు.

మానేరు
ఆ ఊళ్లో ఎన్ని కాపీలు ఉన్నాయి?

పాకాల అల
ఒక్కటి కూడా లేదు.

మానేరు
హన్మకొండలో శాలువాలు కప్పి, కథలో ఉన్న మనుషులకు మాత్రం పుస్తకం చూపించలేదన్నమాట. నాకు కోపం వస్తోంది, మీ మీద అభిమానంతోనే అంటున్నాను. మా ఊరి మీద ఎవరైనా కథ రాస్తే నేను పది కొని పంచుతాను.

పాత బస్తాండు
మానేరు మాట గట్టిగా ఉంది కానీ సరైన మాట. వెళ్లండమ్మా.

నల్లనేల
ఫోనులో రికార్డరు పెట్టుకుని వెళ్లండి. వాళ్లు మాట్లాడేది నవలకు పనికొస్తుంది.

పాకాల అల
నెల దాటింది. ఏం జరిగిందో చెప్పకుండా ఉంటే మీ అందరి బాకీ ఉండిపోతుంది.

రెండో ఆదివారం ఆ ఊరికి వెళ్లాను. ముప్పై పుస్తకాలు సంచిలో పెట్టుకుని నర్సంపేటలో బస్సు మారాను. మా పెద్దమ్మ లేదు, ఆమె కోడలు ఉంది. “సభ పెట్టాలా వదినా” అని కంగారు పడింది. ఏమీ వద్దన్నాను. పంచాయతీ ఆఫీసు ముందు రావిచెట్టు గద్దె మీద సాయంత్రం ఐదింటికి కూర్చున్నాం. మొదట నలుగురు పిల్లలు, తర్వాత పొలం నుంచి వస్తున్నవాళ్లు ఆగారు. ఇరవై, ఇరవై ఐదు మంది అయ్యారు. తూము కథ చదివాను. సభలో చదివినప్పుడు వణకని గొంతు అక్కడ వణికింది.

కథలో తూము ఎత్తే మనిషిని నేను “కాపలాదారు” అని రాశాను. ఆ మాట దగ్గరికి రాగానే ముందు కూర్చున్న ముసలామె చెయ్యెత్తి ఆపింది. “కాపలాదారు ఎవరు బిడ్డా? ఆయన నీరటి. మా మామ నీరటి” అంది. ఆ తర్వాత నేను చదవలేదు, ఆమె చెప్పింది. రాత్రిపూట మడికి నీళ్లు వదిలేటప్పుడు చీకట్లో కాలువ గట్టు మీద కూర్చుని, నీటి చప్పుడు విని ఎవరి మడి నిండిందో చెప్పేవాడట. నిండని మడిలో నీళ్లు మాట్లాడుతాయట, నిండిన మడిలో ఊరుకుంటాయట. ఎవరు తమ వంతు దాటి గండి కొట్టుకున్నా వినికిడితోనే పట్టుకునేవాడట. ఆయన చనిపోయిన ఏడాది ఊళ్లో మూడు కొట్లాటలు జరిగాయని చెప్పింది. నలభై పేజీల నా నోటుపుస్తకంలో ఇది లేదు. నాలుగేళ్లుగా గ్రంథాలయంలో చెరువుల చరిత్ర చదివాను, గణపతిదేవుని కాలం దగ్గర నుంచి. నీళ్ల చప్పుడు ఏ పుస్తకంలోనూ లేదు.

ఇక అమ్మకం. ఆ సాయంత్రం 19 కాపీలు పోయాయి. ముసలామెకు చదువు రాదు, అయినా రెండు కొంది, ఒకటి హైదరాబాదులో ఉన్న మనవరాలికట. డబ్బు తీసుకోనంటే ఊరుకోలేదు, కొంగు ముడి విప్పి లెక్కపెట్టి ఇచ్చింది. ఆ మనవరాలు మొన్న ఫోను చేసి ఇంకో ఆరు అడిగింది, జ్ఞాన్ పోస్టులో పంపాను. నీళ్ల మీద కథలున్న ఇంకో రెండు ఊళ్లకు శ్రావణంలో వెళ్తాను. ఇవీ, మిగతా చోట్లకు పంపినవీ పోను మంచం కింద ఇప్పుడు 261 ఉన్నాయి.

గ్రూపుల్లోంచి చాలావరకు బయటికి వచ్చేశాను. శనివారం మాత్రమే పుస్తకం పని. ఉదయం ఐదున్నరకు లేచి బడికి తయారయ్యేలోపు రాస్తున్నాను. నల్లనేల గారి రెండు వందలు నాకు నూట యాభైగా కుదిరింది. ఇరవై రెండు రోజులు రాశాను, నాలుగు రోజులు తప్పాను. మొదటి వాక్యం ఆ ముసలామె ఇచ్చింది. ఇప్పుడు చెప్పను, పుస్తకంలో చదవండి.

నల్లనేల
నాలుగు రోజులు తప్పినందుకు బాధపడకండి. మాకు గనిలో కూడా వారానికి ఒక సెలవు ఇస్తారు.

సిరిసిల్ల నేత
నిండని మడిలో నీళ్లు మాట్లాడుతాయి. రాత్రి నుంచి ఈ మాట నన్ను వదలడం లేదు.

మానేరు
నాకు రెండు కాపీలు పంపండి. డబ్బు పంపుతున్నాను. వెల అడగలేదు, గమనించండి.

పాకాల అల
శనివారం పంపుతాను మానేరు గారూ, ఈ రోజు బుధవారం.

అక్షరం అంచు గారూ, అసలు ఫైలు తెచ్చుకున్నాను. యూనికోడ్‌లోకి మార్చితే మీరన్నట్టే వత్తులు పోయాయి, రాత్రిళ్లు దిద్దుతున్నాను. “కాపలాదారు” అన్న మాట పుస్తకంలో పదకొండు చోట్ల ఉంది. పదకొండు చోట్లా “నీరటి” అని మారుస్తున్నాను. ఇవి అయిపోయాక రెండో ముద్రణకు వంద కాపీలు చాలు. మాట చిన్నదైంది, ఫారాలు మారుతాయా?

అక్షరం అంచు
మారవు. పదకొండే ఉంటాయి. పెన్‌డ్రైవు తీసుకుని రండి.